నీళ్ళు నిండినప్పుడు పిట్టలు ఎటు పోతాయి?

నేను మొదటిసారి బైనాక్యులర్ మెడలో వేసుకుని కరీంనగర్ డ్యామ్ కట్ట ఎక్కింది ఒక అక్టోబర్ పొద్దున. ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. గేట్లు ఎత్తారని తెలిసి ఊరంతా కట్టమీదికొచ్చి ఫొటోలు దిగిపోయి అప్పటికి వారమైంది. మానేరు నది మీద కట్టిన ఆ లోయర్ మానేరు డ్యామ్ నిండుగా ఉంది. ఇన్ని నీళ్ళుంటే పక్షులూ అన్ని ఉంటాయని నా లెక్క. రెండు గంటలు తిరిగితే కనిపించినవి ఓ పదిహేను నీటికాకులు, నడి నీళ్ళలో నల్లచుక్కల్లా ఏవో బాతులు, కట్ట రాళ్ళమీద ముడుచుకుని కూర్చున్న ఒక గుడ్డికొంగ. అంతే.

తెప్ప ఒడ్డుకు లాగి వల దులుపుకుంటున్న పెద్దాయన నా వాలకం చూసి నవ్వాడు. "కొంగల కోసమా సారూ? నీళ్ళు దిగినంక రా. ఇప్పుడు వాటికి నిలవడ తావేడుంది?"

నిలవడ తావు అన్న మాట అప్పుడు నా తలకెక్కలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళి, నీళ్ళు వెనక్కి తగ్గిన బురదలో వందల కొంగల్ని చూశాకే ఎక్కింది.

నీటిని మనం పరిమాణంతో కొలుస్తాం. ఈ డ్యామ్ 24 టీఎంసీలు పడుతుంది, పూర్తి మట్టం 920 అడుగులు. కరీంనగర్‌లో చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డ ఎవర్నడిగినా ఇవాళ ఎంతుందో చెబుతారు. పిట్టకు టీఎంసీతో పనిలేదు, దానికి కావలసింది లోతు లెక్క. పిడికెడంత ఉల్లంకి రెండు మూడు సెంటీమీటర్ల నీటిలోనే మేయగలదు. తెల్లకొంగకు జానెడు దాటితే పొట్ట తడుస్తుంది. నారాయణ పక్షి ఇంకాస్త లోతుకు దిగుతుంది గాని దానికీ హద్దుంది. ముక్కు ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు మెడ అందేంత లోతుండాలి. పది మీటర్ల లోతు నీళ్ళు ఎన్ని వేల ఎకరాల్లో పరుచుకున్నా మునిగి చేప పట్టే నీటికాకికి, పైనుంచి దూకే లకుముకి లాంటి వాటికి తప్ప మిగతా వాటికి అక్కడ పెద్దగా పనిలేదు.

కాబట్టి పిట్టల వైపు నుంచి చూస్తే జలాశయమంటే దాని అంచే. ఆ అంచు ఎంత వెడల్పుంటుందన్నది ఒడ్డు వాలును బట్టి ఉంటుంది. చిన్న లెక్క వేద్దాం. వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగే వాలు ఉందనుకోండి. జానెడు, అంటే 20 సెంటీమీటర్ల లోపు నీళ్ళు అక్కడ 20 మీటర్ల వెడల్పున పరుచుకుంటాయి. అదే రెండు మీటర్లకు ఒక మీటరు దిగే రాతికట్ట అయితే ఆ జానెడు నీళ్ళు 40 సెంటీమీటర్ల పట్టీ, మూరెడు కూడా లేదు. నేను ఆ అక్టోబర్‌లో రెండు గంటలు తిరిగింది ఈ మూరెడు మీద. గుడ్డికొంగ ఒక్కటే ఉందంటే ఆశ్చర్యమేముంది?

నీరు దిగుతున్నప్పుడు ఈ లెక్కే ఇంకో రకంగా పనిచేస్తుంది. ఆ మెల్లని వాలులో మట్టం ఒక మీటరు తగ్గితే వంద మీటర్ల వెడల్పున కొత్త నేల తేలుతుంది. కిలోమీటరు పొడవు ఒడ్డుకు పది హెక్టార్లు, మన లెక్కలో పాతిక ఎకరాల తడి బురద. డ్యామ్‌కు పైవైపు, ఎలగందుల కోట దిక్కున ఉన్న మెల్లని వాలు నేలల్లో జరిగేది ఇదే. ఆ బురదలో నాలుగు నెలలు నీటి కింద నానిన గడ్డి, ఎర్రపురుగులు, నత్తలు, గుంటల్లో చిక్కిపోయిన చేపపిల్లలు ఉంటాయి. రోజూ అంచు కాస్త కిందికి జరుగుతుంది కాబట్టి రోజూ కొత్త పళ్ళెం పెట్టినట్టే.

ఆ పళ్ళెం దగ్గర కొట్లాట లేకపోవడానికి కారణం ముక్కులు. పొట్టి ముక్కు పిట్ట పరుగెత్తి, ఆగి, బురద పైన కదిలేదాన్ని ఏరుకుంటుంది. సన్నని పొడుగు ముక్కుది కుట్టుమిషన్ సూదిలా బురదలోకి పొడుస్తూ పోతుంది, కళ్ళతో కాక ముక్కు కొసతో వెతుకుతుంది. తెడ్డుమూతి కొంగ నోరు కొద్దిగా తెరిచి నీటిలో అటూ ఇటూ ఊపుతుంది, తగిలింది తగిలినట్టు మూసేస్తుంది. గుడ్డికొంగ ఏమీ చేయదు. నిలబడుతుంది. మట్టిరంగులో కలిసిపోయి, మనిషి కాలికిందికి వచ్చేదాకా కదలదు. అందుకే దానికా పేరు అంటారు. ఎగిరినప్పుడు తెల్లటి రెక్కలు ఒక్కసారి విప్పుకుంటే ఇది అదేనా అనిపిస్తుంది.

గుల్లకొంగ గురించి మాత్రం ఆగి చెప్పాలి. దాని పై ముక్కుకూ కింది ముక్కుకూ మధ్య ఒక సందు ఉంటుంది, మూసినా పూర్తిగా కలవదు. అడకత్తెరలో పోకచెక్కలా ఆ సందులో నత్తను పెట్టి పగలగొడుతుందని చాలామంది చెబుతారు, నేనూ అలాగే నమ్మాను. ఒక పొద్దున కాలువ గట్టున కూర్చుని నలభై నిమిషాలు ఒక్కదాన్నే చూశాను. మోకాటి లోతు నీళ్ళలో తడుముకుంటూ నడిచింది, తల మొత్తం ముంచింది, గుండ్రటి నత్తను పట్టి తెచ్చి గట్టు బురదకు అదిమిపెట్టింది. కింది ముక్కు కొసను నత్త మూతకింద దూర్చి ఏదో కోసినట్టు రెండు మూడుసార్లు కదిపింది. తల విదిలించింది. మాంసం ముక్కున ఉంది, గుల్ల కింద పడింది. వెళ్ళిపోయాక దిగి చూస్తే గుల్ల చెక్కుచెదరలేదు. అలాంటివి అక్కడ ఇరవై దాకా పడున్నాయి. ఆ సందు పగలగొట్టడానికి కాదు, జారే గుల్ల మీద పట్టు దొరకడానికే అయ్యుండాలి.

ఇక బురద ఎప్పుడు తేలుతుందన్న ప్రశ్న. ఇక్కడే వాన, కాలువ, వరి, వలస అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. లోయర్ మానేరు ఒంటరి చెరువు కాదు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ దీన్ని తాకి వరంగల్ వైపు పోతుంది, పైన మిడ్ మానేరు జలాశయం ఉంది. యాసంగికి నీళ్ళు వదిలితే మట్టం దిగడం మొదలవుతుంది. సరిగ్గా అదే నెలల్లో ఉత్తరం నుంచి వలస పిట్టలు దిగి ఉంటాయి. అవి చలికాలానికి ముందే రావడం మొదలై మార్చి, ఏప్రిల్ నాటికి చాలావరకు వెళ్ళిపోతాయి. అంటే మన పంట తడుల షెడ్యూలే వాటి భోజనం షెడ్యూలు. కాలువలు రాకముందు చెరువుల కింద కూడా ఇదే వరస. ఎత్తిపోతలతో డ్యామ్‌లు నింపడం మొదలయ్యాక మాత్రం ఏ నెలలో ఎంత నీరుంటుందో ఒక్క వానను బట్టి చెప్పలేం. ఒక ఫిబ్రవరి బురదతో, ఇంకో ఫిబ్రవరి నిండు నీళ్ళతో కనిపించవచ్చు. బయల్దేరే ముందు పేపర్లో డ్యామ్ మట్టం చూసుకోవడం నాకు అలవాటైంది. నిండుగా ఉందంటే కట్టకు వెళ్ళను, పొలాల్లోకి వెళతాను.

వదిలిన నీళ్ళతోపాటు పిట్టలు కూడా పొలాలకు పోతాయి కదా. నాట్లకు ముందు కరిగెట దున్నుతున్న పొలం చూడండి. ట్రాక్టర్ ఇనుపచక్రాల వెనక బురద ఇంకా సద్దుకోకముందే కొంగలు దిగుతాయి, చక్రానికి బారెడు దూరంలో కూడా బెదరవు. వాటి వెనక కంకణాలు ఒంపు ముక్కులతో, అంచుల్లో తోక ఊపుకుంటూ తిరిగే చిన్న పిట్టలు, పైన తీగమీద పసుల పోలిగాడు. అరగంటలో మడి తిరగేయడం అయిపోతుంది, అందరూ పక్క మడికి. ఆ పొలం నాటు పడి గుబురుగా పెరిగితే ఆ గుంపుకు అక్కడ తావుండదు. వరిపొలం చిత్తడి నేలే గాని, ఏడాదిలో కొన్ని వారాలకే.

ఇంతవరకు చెప్పింది డ్యామ్‌కు పైన. గేట్లకు కింద ఉన్నది వేరే లోకం.

అక్కడ మానేరు మళ్ళీ నది. ఇసుక, బండలు, ఊట నీళ్ళ పాయలు, చెక్‌డ్యాముల వెనక నిలిచిన మడుగులు. ఇలాగే ఆగుతూ సాగుతూ మంథని వైపు అరెంద దగ్గర గోదావరిలో కలుస్తుంది. పాయల మీద నలుపు తెలుపు లకుముకి హెలికాప్టర్‌లా గాలిలో ఒకేచోట నిలబడి కిందికి చూస్తుంటుంది. ఇళ్ళ దగ్గర తీగలమీద కనిపించే నీలిరెక్కల బుచ్చిగాడు కూడా లకుముకే గాని అలా నిలబడదు. అది కూర్చుని చూసే రకం, కొమ్మో స్తంభమో లేనిచోట దానికి బతుకు లేదు. చెట్టు లేని నడి ఏట్లో మొదటిదానికి పోటీ లేకపోవడం అందుకే.

ఇసుక దిబ్బలు నది టర్న్‌లవి. బూడిదరంగు ఒళ్ళు, నల్లటోపీ, పసుపు ముక్కు, చీలిన తోక. మార్చి నుంచి మే దాకా, నది సన్నబడి దిబ్బల చుట్టూ నీళ్ళుండే రోజుల్లో, ఒట్టి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. గూడు లేదు, పుల్ల లేదు. గుడ్ల మచ్చలు ఇసుకలో కలిసిపోతాయి, అదే దాని రక్షణ. చుట్టూ నీరుండటం రెండో రక్షణ. పాయ ఎండితే కుక్కలు నడిచి వస్తాయి. పైనుంచి అనుకోకుండా నీళ్ళు వదిలితే దిబ్బ మునుగుతుంది. లారీ వచ్చి దిబ్బనే ఎత్తుకుపోతే ఇక చెప్పేదేముంది? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020 నుంచి ఈ పిట్టను ముప్పులో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. పెద్ద జలాశయాల్లో చేపలు దొరుకుతూనే ఉన్నా దాని ఇబ్బంది తిండి కాదు, గుడ్లు పెట్టే చోటు.

చెక్‌డ్యామ్ కడితే ఏమవుతుందని నన్ను తరచూ అడుగుతారు, మంచిదా చెడ్డదా అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. నీళ్ళు ఏడాది పొడవునా నిలిస్తే అంచుల్లో జమ్ము పెరుగుతుంది, తుంగ పెరుగుతుంది. జమ్ములోకి నీలి బొల్లికోళ్ళు వస్తాయి, నీటి ఆకులమీద పొడుగు వేళ్ళతో నడిచే పిట్టలు వస్తాయి, మునుగుడు కోడి తేలే గూడు కడుతుంది, నీళ్ళపైకి వంగిన కొమ్మలకు గిజిగాళ్ళు గూళ్ళు వేలాడదీస్తాయి. జాబితా పొడుగవుతుంది. పోయేది ఇసుకమీద గుడ్లు పెట్టే రెండు మూడు జాతులే. కానీ వచ్చినవాటిని ఏ ఊరి చెరువులోనైనా చూడొచ్చు, పోయినవాటికి నది తప్ప వేరే దిక్కులేదు. నన్నడిగితే ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. "ఇప్పుడు పక్షులు పెరిగాయి" అని సంబరపడేవాళ్ళు ఏ పక్షులో కూడా చెప్పాలి.

గట్టు మీదికి వద్దాం. కట్టకింద పార్కుల్లో పచ్చిక, పూలకుండీలు, విదేశీ తాటిచెట్లు చూడముచ్చటగా ఉంటాయి, గోరింకలు తప్ప పెద్దగా ఎవరూ రారు. ఒక్క జువ్విచెట్టు కాయకు వచ్చిందా, పొద్దున ఆరింటికి దాని కింద నిలబడితే చాలు. కోయిలలు, పిగిలి పిట్టలు, పచ్చగువ్వలు, టుక్ టుక్ మంటూ కంసాలి సుత్తి కొట్టినట్టు అరిచే పచ్చటి పిట్ట. ఇక సర్కారు తుమ్మ. అందరూ తిట్టే చెట్టు, నేనూ తిడతాను. నేలను ఆక్రమిస్తుంది, ఇంకోదాన్ని మొలవనివ్వదు. అయినా సాయంత్రం ఆరు దాటాక నీళ్ళ పక్కన ముళ్ళ తుమ్మలు తెల్లగా పూసినట్టు కనిపిస్తే అవి కొంగలు, వాటి నడుమ నల్లగా నీటికాకులు. ముళ్ళు, చుట్టూ నీళ్ళు ఉన్నాయంటే పిల్లి గాని పాము గాని ఎక్కడం కష్టం. వేరే పెద్దచెట్టు లేనిచోట దాన్ని ఒక్కరోజులో కొట్టేస్తే ఆ రాత్రి అవి ఎక్కడ పడుకుంటాయన్నది కూడా ఆలోచించాలి.

బండల గుట్టలు, బీడు నేలలు అందరూ వదిలేసే చోట్లు. తీతువు అక్కడే నేలమీద గుడ్లు పెడుతుంది. రాత్రి తీతువు కూస్తే చావు కబురని మా నాయనమ్మ భయపడేది. అది కూసేది ఎవరో తన గుడ్ల వైపు నడుస్తున్నారని. మే ఎండలో నీళ్ళలో దిగి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. ఆ పని చేస్తున్నప్పుడు ఒకసారి చూస్తే దాని కూతకు ఎవరూ భయపడరు.

పేర్ల గందరగోళం కొత్తవాళ్ళను బాగా తికమక పెడుతుంది. ఉల్లంకి అంటే ఒక పిట్ట కాదు, బురదలో తిరిగే పొడుగు ముక్కు జాతులు పది పైచిలుకు. కొంగ అన్నా అంతే. 1860లలో భారత పక్షుల మీద రాసిన జెర్డాన్ అనే మద్రాసు సైన్యం వైద్యుడు మన వేటగాళ్ళు, బోయల దగ్గర విన్న తెలుగు పేర్లను శ్రద్ధగా రాసుకున్నాడు. వాటిలో చాలా పేర్లు ఇప్పుడు ఊళ్ళలోనూ వినబడవు. ఫోన్‌లో మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది, మంచిదే. కాకపోతే అది చెప్పిన ప్రతిదాన్నీ రాసేసుకోకండి, కంటితో చూశాకే రాయండి. కూత రికార్డింగ్ పెట్టి పిట్టను పిలవడం మాత్రం వద్దు, గూటి కాలంలో అసలే వద్దు.

మరి "అక్కడ ఎన్ని రకాలున్నాయి?" అన్న మాట. ఒకే వారంలో ఒకే ఒడ్డున ఒకరు 20 రకాలు చూశామంటారు, ఇంకొకరు 70 అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. మొదటివారు కట్టమీదే నడిచారు, పది గంటలకు వెళ్ళారు. రెండోవారు తెల్లవారకముందే జమ్ము దగ్గర కూర్చుని, ఎండెక్కాక గుట్టమీదికి, సాయంత్రం తుమ్మల దగ్గరికి పోయారు. చోట్లు మారాయి కాబట్టి లెక్క మారింది. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన లాంటివి పనికొచ్చేది అందుకే. ఒకే నెల, అవే చోట్లు, ఏళ్ళ తరబడి. మీరు సొంతంగా రాసుకున్నా తేదీ, సమయం, ఎంతసేపు చూశారు అన్నవాటితోపాటు ఆ రోజు నీటిమట్టం కూడా రాయండి. అది లేకపోతే పదేళ్ళ తర్వాత మీ పుస్తకం చూసినవాళ్ళకు పిట్టలు తగ్గాయో నీళ్ళు పెరిగాయో తేలదు.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది 1931–32లో. 1974లో పని మొదలై 1985లో పూర్తయిన ఈ డ్యామ్ అప్పటికి లేదు. అయినా నీటిపక్షులకు మన వైపు కరువు లేదు, చెరువులున్నాయి కాబట్టి. పాకాల, రామప్ప లాంటివి కాకతీయుల కాలం నుంచి, ఎనిమిది వందల ఏళ్ళుగా నిండుతూ ఎండుతూ ఉన్నాయి. హిమాలయాల మీదుగా 7,000 మీటర్ల ఎత్తు దాటి ఎగిరినట్టు నమోదైన పట్టెతల బాతులు కూడా దక్కన్‌లో దిగేది ఎక్కువగా మనిషి కట్టిన నీళ్ళలోనే. మనిషి కట్టినా అవి పిట్టలకు ఎందుకు సరిపోయాయంటే, పాత చెరువుకు కట్ట ఒక్కవైపే. మిగతా వైపులన్నీ శిఖం, మెల్లగా ఎక్కిపోయే వాలు. నీళ్ళు దిగిన మేరకు రైతు పుచ్చకాయో కూరగాయో పెట్టుకునేవాడు, మిగిలిన తడిలో కొంగ మేసేది.

ఇప్పుడు సుందరీకరణ అంటే చెరువు చుట్టూ గుండ్రంగా కట్ట, దాని లోపలి వైపు రాయి, పైన నడకదారి, లైట్లు. నదికైతే నిటారు గోడ, మెట్లు. నడవడానికి హాయిగా ఉంటుంది, నేనూ నడుస్తాను. కానీ పైన వేసిన లెక్క గుర్తుందిగా, ఇరవై మీటర్ల పట్టీ మూరెడవుతుంది, గోడ అయితే అదీ లేదు. నీళ్ళు అవే, టీఎంసీలు అవే. కట్ట మూడు వైపులకే పోసి ఒక వైపు వాలు వదిలేస్తే ఖర్చు తగ్గుతుందే గాని పెరగదు.

మా ఊరి పక్క చెరువుకూ అలాగే చుట్టూ కట్ట పోశారు. ఒక మూల మాత్రం ఇద్దరు అన్నదమ్ముల మధ్య పొలం పంచాయితీ తెగక పని ఆగింది. వంద గజాలుంటుందేమో. మొన్న జనవరిలో చెరువు చుట్టూ తిరిగి లెక్కపెట్టాను. కట్ట ఉన్నంత మేర రెండు నీటికాకులు. ఆ మూలలో గుడ్డికొంగలు ఆరు, ఉల్లంకులు పదకొండు, తీతువు జంట ఒకటి, మోకాటి లోతు నీళ్ళలో కదలకుండా ఒక నారాయణ పక్షి. పంచాయితీ ఇంకా తెగలేదని విన్నాను.